నాలుగు పొట్టి బాస్‌లు, ఒక ఎడమ చెయ్యి

బాస్ గిటారు వాయిస్తానంటే మా ఉక్కునగరంలో ఇప్పటికీ సగంమంది, "గిటారా, బావుంటుందండీ, మా పాప కూడా నేర్చుకుంటోంది" అంటారు. అది వేరండీ, దీనికి నాలుగే తీగలు, లావుగా ఉంటాయి, పాటకి అడుగున మోగుతుంది అని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు "అవునండీ" అని ఊరుకుంటున్నాను. బాస్ మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం పాటకి ఏదో అయిందని అందరికీ తెలుస్తుంది, ఏమైందో చెప్పలేరు.

పెళ్ళికి ముందు నుంచీ నేను చేస్తున్న పని అది. పగలు ప్లాంటు కొనుగోళ్ళ విభాగంలో ఉద్యోగం, సాయంత్రాలూ పండగ రోజులూ ఆర్కెస్ట్రాలో బాస్. మా ఆయనది బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర షిఫ్టు డ్యూటీ, ఆర్కెస్ట్రాలో డ్రమ్స్. ఆయన కుడికాలి కింద మోగే పెద్ద డ్రమ్మూ, నా బాసూ రెండూ ఒక్కసారే పడాలి. అలా పడటం మొదలయ్యాక మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి ఎన్ని సంబంధాలు తెచ్చినా నాకు చెవికెక్కలేదు. గాజువాక పిల్లాడు, మన యాస కూడా కాదు అని మా అమ్మ ఏడ్చింది. తర్వాత ఆ యాసలో ఆమెను "అత్తా" అని పిలిచి నాలుగు నెలల్లో బుట్టలో వేసుకున్నాడు, అది వేరే సంగతి.

మొన్నటి వానాకాలంలో మా క్వార్టర్ పెరట్లో, బట్టలుతికే బండ దగ్గర నాచు మీద కాలు జారి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. ప్లేటు వేశారు, కట్టు విప్పారు, ఎముక అతికింది. వంకాయలు తరగ్గలను, స్కూటీ నడపగలను, ఆఫీసులో కీబోర్డు మీద టకటకలాడించగలను. కానీ బాస్ మెడ మీద చెయ్యి వేస్తే ఉంగరం వేలూ చిటికెన వేలూ నావి కానట్టే ఉంటాయి. వీణకి మెట్లున్నట్టు బాస్‌కి మెడ మీద అడ్డంగా లోహపు కమ్మీలుంటాయి, వాటిని ఫ్రెట్లంటాం. తల దగ్గరి మొదటి ఫ్రెట్ మీద చూపుడు వేలుంచి, మూడో దాని మీదికి చిటికెన వేలు చాపాలి. పాటల్లో సగం అక్కడే నడుస్తాయి. నా వేలు అక్కడిదాకా వెళ్ళడం లేదు.

నేను లేని నెలల్లో ఆర్కెస్ట్రా ఆగలేదు. కీబోర్డు వాయించే అతను ఎడమ చేత్తో కింది స్వరాలు వాయిస్తూ బాస్ లోటు పూడ్చేశాడు. అతను కాంట్రాక్టు వెల్డరు, నన్ను అక్కా అంటాడు, మా ఆయన్ని బావా అంటాడు, చాలా మంచివాడు. ఆ మంచితనమే నా ప్రాణానికొచ్చింది. చెడ్డవాడైతే తిట్టుకునేదాన్ని.

ఒకరోజు ఆర్కెస్ట్రా నడిపే పెద్దాయన ఇంటికొచ్చాడు. రిటైరైన క్రేన్ ఆపరేటరు, మా గాయకుడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, నా చేతివైపు చూడకుండా మాట్లాడాడు.

"సెల్లెమ్మా, అమ్మోరి పండగ వత్తంది. నువ్వు ఇబ్బంది పడొద్దు. కీబోర్డోడి ఎడం సెయ్యితో సరిపెట్టేద్దాం. నువ్వు కోరస్ పాడీ. లేదంటే ఆ గలగలలాడేది ఉంది కదా, అది పట్టుకో."

గలగలలాడేదంటే టాంబరిన్, చుట్టూ చిన్న బిళ్ళలున్న కంజీర లాంటిది. ఇన్నాళ్ళు వాయించినదానికి నాకు మిగిలింది గిలక్కాయా అనిపించింది. మా ఆయన వైపు చూశాను. ఆయన గుమ్మంలో నిలబడి చెప్పులు సర్దుకుంటున్నాడు. పండగలోపు నేను బాస్ వాయిస్తాను, వాయించలేకపోతే అసలు రాను అన్నాను. పెద్దాయన తలూపి వెళ్ళిపోయాడు.

పొట్టి బాస్ అనే మాట మొదట తెచ్చింది ఆ కీబోర్డు తమ్ముడే. "అక్కా, నీదాన్లో తీగ మోగే పొడుగు ముప్పై నాలుగంగుళాలు. ముప్పై అంగుళాలవి కూడా ఉన్నాయంట. ఫ్రెట్లు దగ్గర దగ్గరగా ఉంతాయి. సిన్న సేతులోళ్ళు వాయిస్తారంట" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి మారకపోతే బాస్‌నే మార్చేద్దాం, అంతే కదా! ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మా ఆయన గొణిగాడు గానీ వినిపించుకోలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది తిరకాసు. పొట్టి బాస్ అంటే ముప్పై అంగుళాలనుకున్నాను. ఒకటి ముప్పైకి కాస్త ఎక్కువ, ఇంకొకటి ముప్పై ఒకటికి కాస్త తక్కువ, మరొకటి ఇరవై ఎనిమిది చిల్లర, అన్నీ పొట్టివే. ముప్పై రెండుది మధ్యరకమట. మెడ సన్నగా ఉండాలా, వెడల్పుగా ఉండాలా? సన్నగా ఉంటే వేళ్ళు ఇరుక్కుంటాయని ఒకరు, వెడల్పుగా ఉంటే వేలు అందదని ఒకరు. తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్ ఒకటుంటే చాలా, రెండుండాలా? పొట్టిదాంట్లో తీగలు వదులుగా ఉంటాయి, వాయించడం తేలిక అని ఒక వీడియోలో చెప్పారు. అలా వదులుగా ఉండటమే దాని జబ్బని ఇంకో వీడియో. ఒకాయన ఆ నాదం గుండ్రంగా ఉందన్నాడు, ఇంకొకాయన బురదలా ఉందన్నాడు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే బాస్. మూడు వీడియోలు చూసేసరికి కొంచెం తెలిసినట్టుండేది, ముప్పై చూసేసరికి నా సొంత బాస్‌కి తీగలెన్నో కూడా అనుమానం వచ్చే స్థితికి చేరాను.

గోపాలపట్నంలో వాయిద్యాల కొట్టుకి వెళ్ళాను. బయట హైవే మీద లారీల హారన్లు, లోపల ఎవరో కుర్రాడు డోలక్ బిగించుకుంటున్నాడు. పొట్టి బాస్ ఉందా అనడిగితే కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "పాపకా మేడమ్, బాబుకా?" అన్నాడు. నాకే అన్నాను. లోపలికెళ్ళి పిల్లల గిటారు తెచ్చాడు, గులాబీ రంగుది. బాస్ కావాలన్నాను. పొట్టి బాస్‌లు ఎవరూ అడగరని, తెప్పించాలని, దాని తీగలు కూడా వేరే పొడుగువని, అవీ తెప్పించాలని, తెగితే మళ్ళీ తెప్పించాలని చెప్పాడు. ఇన్ని తెప్పించడాలు విని, ఆ గులాబీ గిటారు వంక ఒకసారి కసిగా చూసి వచ్చేశాను.

అప్పుడు నాకు చేతనైన పని చేశాను. ఆఫీసులో మాకో పద్ధతి ఉంది. బోల్టు కొన్నా, బాయిలరు గొట్టం కొన్నా ఒకటే. ముందు మనకేం కావాలో రాసుకుంటాం. అమ్మేవాళ్ళ దగ్గర రెండు కవర్లు తీసుకుంటాం. మొదటి దాంట్లో సరుకు వివరాలు, రెండో దాంట్లో ధర. కవర్లు ఇప్పుడు కంప్యూటర్లోకి వెళ్ళాయి గానీ పద్ధతి మారలేదు. వివరాలు కుదిరినవాళ్ళ ధర మాత్రమే తెరుస్తాం. అందులో అందరికంటే తక్కువ చెప్పినవాడు ఎల్-వన్. ఆర్డరు ఎల్-వన్‌కే. రెండోవాడి సరుకు బావుందని మనసుకి అనిపించినా సరే, మనసుకి అనిపించిందని ఫైల్లో రాయలేం కదా. ఉద్యోగంలో చేరాక ఇంట్లో మిక్సీ, మంచం, ఆఖరికి మా ఆయనకి స్వెట్టరు కూడా అలాగే కొన్నాను. ఆ స్వెట్టరు ఆయనకి మోచేతుల దగ్గరే ఆగిపోయింది, అయినా అది ఎల్-వన్ స్వెట్టరే.

బాస్‌కి కూడా ఎక్సెల్లో పట్టిక వేశాను. అడ్డంగా నలుగురు, నిలువుగా గుణాలు. మొదటిది చైనాది, ఆన్‌లైన్లో దొరికేది. వయొలిన్ ఆకారం, లోపల బోలు, తేలిక, పదిహేను వేల లోపు. రెండోది పేరు అమెరికాది, తయారీ ఇండోనేషియాలో, రెండు పికప్‌లు, ధర దానికి రెట్టింపు. మూడోది కలకత్తాలో చేసిచ్చేవాళ్ళది. ఫోన్ చేస్తే ఎన్ని అంగుళాలు కావాలంటే అన్ని అంగుళాలు చేస్తామన్నారు, ఎప్పటికిస్తారంటే మాత్రం పూజలయ్యాక అన్నారు. ఏ పూజలని అడగడానికి ధైర్యం చాలలేదు. నాలుగోది మల్కాపురంలో ఓడ ఇంజిను గదిలో పనిచేసే అతని దగ్గరుంది. జపాన్‌లో ఓడ ఆగినప్పుడు పాత సామాన్ల కొట్లో కొన్నాడట. అదీ ముప్పై అంగుళాలదే, బరువెక్కువ, వయసు తెలియదు, రసీదు లేదు. ధర ఇండోనేషియాదాని కంటే ఎక్కువ.

మూలదేశం అన్న గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పేరు అమెరికాది, తయారీ ఇండోనేషియా, తీగలు బిగించే మరలు కొరియావట, దిగుమతిదారు చీటీ ముంబైది. ఏ దేశం రాయాలి? మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, మసి మొహంతోనే నా భుజం మీంచి చూశాడు.

"ఏటే, ఇంకా తెగలేదా?"

"ఇది ఎక్కడిదో తేలడం లేదండీ."

"మన ఇనప రాయి బైలదిల్లా గనులది. బొగ్గు ఆస్ట్రేలియాది. సున్నపురాయి ఇంకెక్కడిదో. ఉక్కేమో విశాఖది అంతన్నాం. అదీ అంతే అనుకో, రాసీ."

"అలా అనుకుంటే ఇక పోల్చడమెందుకు?"

"అదే నానూ అడుగుతన్నాను" అని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆయనకేం తెలుసు, అనుకున్నాను. వివరాల్లో కలకత్తాని గడువు దగ్గర కొట్టేశాను, జపాన్‌ని బరువు దగ్గరా రసీదు దగ్గరా కొట్టేశాను. మిగిలిన రెండింట్లో చైనాది ఎల్-వన్. ఎవరైనా వచ్చి ఆడిట్ చేసుకోవచ్చు, ఒక్క తప్పుండదు. ఆర్డరు పెట్టేశాను.

పెట్టె వచ్చిన సాయంత్రం అట్ట చించుతుంటే పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత కంగారుగా ఉంది. బాస్ ముద్దుగా ఉంది, తేనెరంగులో. మంచం మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఫ్రెట్లు నిజంగానే దగ్గరగా ఉన్నాయి. వేలు పూర్తిగా అందలేదు గానీ మునుపటి కంటే నయం. ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు లేచి నిలబడి, పట్టీ భుజానికి తగిలించుకున్నాను.

మా ఆర్కెస్ట్రాలో డ్రమ్ముల దగ్గర మా ఆయన తప్ప అందరం నిలబడే వాయిస్తాం. నేను చీరలోనే వాయిస్తాను. పైట కుచ్చిళ్ళు ఎడమ భుజం మీద పిన్ను పెట్టి, ఆ పిన్ను మీదుగా పట్టీ వేసుకుంటాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఈ బాస్ మాత్రం పట్టీ వెయ్యగానే తల కిందికి వాలిపోయింది. లేపితే మళ్ళీ వాలింది. దాంతోపాటు పట్టీ జారి పైటని లాక్కుపోయింది. తల కింద పడకుండా ఎడమ చేత్తో మోస్తూ వాయించాలి. ఏ చెయ్యి విరిగిందో ఆ చేత్తోనే. అంతకంటే విడ్డూరం, మొదటి ఫ్రెట్ నా చేతికి ఎప్పటంత దూరంగానే ఉంది. నాలుగంగుళాలు తగ్గించి కొన్నాను, ఆ నాలుగంగుళాలూ ఏమయ్యాయి?

నాకు మతిపోయింది. మోసం చేశారు, ముప్పై కాదిది అని అరిచాను. మా ఆయన టేపు తెచ్చి తీగ పొడుగు కొలిచాడు. ముప్పై. నేను కొలిచాను. ముప్పై. పాతదాన్ని కొలిచాం, ముప్పై నాలుగే. ఇద్దరం మంచం మీద రెండు బాస్‌లనీ పక్కపక్కన పడుకోబెట్టి, వాటి ముందు బుర్ర గోక్కుంటూ నిలబడ్డాం. చివరికి అద్దం ముందు ఒకదాని తర్వాత ఒకటి తగిలించుకుని చూస్తే అర్థమైంది. పాతదానికి మెడ పక్కన ముందుకి పొడుచుకొచ్చే చెక్క కొమ్ము పొడుగు, పట్టీ తగిలించే బొత్తం ఆ కొమ్ము చివరుంటుంది. వయొలిన్ ఆకారంలో ఆ కొమ్మే లేదు. బొత్తం మెడ మొదట్లో ఉంది. అందుకని బాస్ మొత్తం ఎడమవైపు జరిగి, ఆదా చేసిన నాలుగంగుళాల్నీ మింగేసింది. నా పట్టికలో పికప్‌లున్నాయి, తీగల మరల దేశం ఉంది. బొత్తం ఎక్కడుందో అడిగే గడి లేదు.

"మీవోళ్ళు సరుకు సూడకుండానే కొంతారా?" అన్నాడు మా ఆయన.

"ఇన్స్పెక్షన్ వేరే విభాగం" అన్నాను. నవ్వుతానేమోనని చూశాడు. నేను నవ్వలేదు.

దాన్ని తిప్పి పంపేశాను. పట్టికలో బొత్తం గడి చేర్చాను. నిలబడితే బరువెటు, కూర్చుంటే బరువెటు అని మరో రెండు చేర్చాను. ఇండోనేషియాదాని బొత్తం ఎక్కడుందో తెలుసుకోవడానికి దాని ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ఒక ఫోటోలో సరిపోయింది, ఇంకో ఏడాది మోడల్లో కొమ్ము పొట్టిగా ఉంది. అమ్మేవాడు పంపేది ఏ ఏడాదిదో తెలీదు. ముప్పై రెండంగుళాలవి కూడా తీసుకొచ్చి పట్టికలో పెట్టాను. అడ్డంగా గడులు పెరిగాయి, నిలువుగా గడులు పెరిగాయి. పండగ దగ్గరికొస్తోంది. ఆఫీసులో లంచ్ టైములో, ఇంట్లో పప్పు పొయ్యి మీదుండగా, అదే పని. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాననుకునేదాన్ని. నిజానికి అలా ఉండటం నాకు హాయిగానే ఉండేదని అప్పుడు నాకు తెలియదు.

ఒక ఆదివారం మా ఆయన నన్నడక్కుండా స్కూటరు తీసి, "ఎక్కు, మల్కాపురం ఎల్దాం" అన్నాడు. దాన్ని కొట్టేశాం కదా అన్నాను. "నువ్వు కొట్టేసేవు. నాను కొట్టీలేదు" అన్నాడు.

రిఫైనరీ గోడ పక్క నుంచి సందులోకి తిరిగితే ఓడ ఉద్యోగి ఇల్లు. సెలవు మీద వచ్చి ఉన్నాడు, గళ్ళ లుంగీ మీద జపాన్ అక్షరాల టీషర్టు. వాళ్ళమ్మ మాకు మజ్జిగ ఇచ్చింది. బాస్‌ని దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టుకున్నాడు. కిందికి దించి దుప్పటి విప్పాడు. గోధుమరంగు, అంచుల దగ్గర పెచ్చులూడింది, మంచి పొడుగాటి కొమ్ము. నా కళ్ళు ముందు బొత్తం మీదికే వెళ్ళాయి. సరైన చోటే ఉంది.

"సముద్రం మీద నేర్సుకుందామనీసి కొన్నానక్కా. ఇంజిను గదిలో ఆ సప్పుడుకి దీని సప్పుడు ఇనబడదు" అన్నాడతను. "మీలాటోళ్ళు వాయిత్తే దానికీ బావుంతాది."

నిలబడి పట్టీ వేసుకున్నాను. తల వాలలేదు. కాస్త బరువే, కానీ ఆ బరువంతా భుజం మీద కుదురుకుంది. ఎడమ చెయ్యి చాపితే మొదటి ఫ్రెట్ దగ్గర, నిజంగా దగ్గర. వెతికి వెతికి విసిగిన వస్తువు అదే. చూపుడు వేలుంచాను. చిటికెన వేలు చాపాను. మూడో ఫ్రెట్ దాకా వెళ్ళింది. నొక్కాను. నాదం రాలేదు, తీగ గరగరమంది. మళ్ళీ నొక్కాను. వేలు అక్కడే ఉంది, బలం లేదు. మూడోసారి వచ్చింది, కానీ తాళం దాటిపోయాక వచ్చింది.

అప్పుడు నాకు భయం వేసింది. విరిగినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. ఇన్నాళ్ళూ బాస్ పొడుగు అనుకున్నాను, మెడ వెడల్పు అనుకున్నాను, బొత్తం అనుకున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్నదాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. మిగిలింది నా చెయ్యొక్కటే. బాస్‌ని జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టి, ఆలోచించి చెప్తానన్నాను. ఇండోనేషియాది ఒకటుంది, అదీ ఒకసారి చూసి అన్నాను. ఓడ ఉద్యోగి సరేనన్నాడు పాపం.

సందు చివర మా ఆయన స్కూటరు ఆపాడు.

"ఎన్నిసార్లు పొడిగిత్తావే గడువు? మీ ఆఫీసులో టెండరు ఇట్నాగే పొడిగిత్తే ఊరుకుంతారా?"

"చూసి కొనాలి కదండీ."

"నువ్వు కొనడానికి సూట్టం లేదు. కొనకుండా ఉండటానికి సూత్తన్నావ్. కొన్నావంటే వాయించాల. వాయిత్తే తేలిపోద్ది. అదీ నీ బెంగ."

నా ఒళ్ళు మండింది. మీ ఎముక విరిగిందా, మీ వేళ్ళు చచ్చుబడ్డాయా, పెద్దాయన నన్ను గిలక్కాయ పట్టుకోమన్నప్పుడు చెప్పులు సర్దుకున్నారే, అప్పుడేమైంది ఈ నోరు అని రోడ్డు మీదే కడిగేశాను. చేపల బుట్టతో వెళ్తున్నావిడ ఆగి మరీ విన్నది. ఆయన స్కూటరుకి స్టాండు వేశాడు. తర్వాత నెమ్మదిగా, "నాకేటి సెప్పాలో తెల్లేదు. నువ్వు లేకుండా వాయిత్తంటే నా కాలు ఎక్కడ పడతందో నాకే తెల్టం లేదు. ఆ మాట నీకు సెప్తే నీ మీద బరువెట్టినట్టవుద్దని ఊరుకున్నాను" అన్నాడు.

స్కూటరు వెనక్కి తిప్పమన్నాను. బేరం కూడా సరిగ్గా ఆడలేదు. నా ఉద్యోగ జీవితంలో ఎల్-వన్ కానిది కొనడం అదే మొదటిసారి.

తర్వాతి సాయంత్రం కమ్యూనిటీ హాలు వెనక గదిలో రిహార్సలు. నా పాత స్థలం డ్రమ్ములకి ఎడమ పక్కన. అక్కడ ఎవరో కుర్చీలు పేర్చి పెట్టారు. కీబోర్డు తమ్ముడు పరుగున వచ్చి అవి తీసేశాడు, "బలేగుందక్కా, ఎక్కడిదిది?" అన్నాడు. జపాన్‌ది అన్నాను, అంతకు మించి చెప్పే ఓపిక లేక. పెద్దాయన నా వైపు చూసి తలూపాడు, మైకు సరిచేసుకున్నాడు. మొదలెట్టాం.

రెండు వరుసలు గడిచేసరికి ఏదో తేడాగా ఉంది. నా స్వరాలు నాకే రెండుగా వినబడుతున్నాయి. కీబోర్డు తమ్ముడి ఎడమ చెయ్యి కూడా అవే వాయిస్తోంది. మా ఆయన కర్రలెత్తి ఆపేశాడు.

"ఒరే, ఎడం సెయ్యి తీసీ."

"అలవాటైపోనాది బావా, సారీ" అని అతను ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

మళ్ళీ మొదలైంది. ఇప్పుడు కింద నేనొక్కదాన్నే. మొదటి వరుస బాగానే పోయింది. తర్వాత ఆ చోటు వచ్చింది, చూపుడు వేలి నుంచి చిటికెన వేలికి వెళ్ళే చోటు. వేలు వెళ్ళింది, నొక్కింది, నాదం వచ్చింది. ఆలస్యంగా వచ్చింది. కానీ ఆలస్యమైనట్టు లేదు. పెద్ద డ్రమ్ము సరిగ్గా నా స్వరంతోనే పడింది. ఒక క్షణం నాకేం అర్థం కాలేదు. నేను వెనకబడ్డానా, లేదా? పెద్దాయన చెయ్యెత్తి పాట ఆపాడు.

"తాళం జారిందేటి?"

"నాదే" అన్నాడు మా ఆయన. "కాలు పట్టీసింది."

ఆయన కాలు పట్టేయడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరి కోసమూ తాళం ఆపని మనిషి. కొత్త గాయకులు తడబడితే వేదిక మీదే కళ్ళెర్రజేస్తాడు. పెళ్ళయిన కొత్తల్లో నేను ఒకసారి ఆలస్యమైతే రెండు రోజులు దెప్పాడు. అలాంటివాడు నా వేలి కోసం ఆగాడు, పైగా నెపం తన మీద వేసుకున్నాడు. వెంటనే కోపమొచ్చింది. ఆయన మీదా, నా చేతి మీదా, ఆ ప్రేమ మీదా కూడా. ఆయన ఆగితే మిగతావాళ్ళంతా ఆగాలి. అలా అందరూ ఆగి ఆగి నన్ను పండగదాకా మోస్తారు, ఆపైన ఒకరోజు మోయలేక దించేస్తారు.

"కాలు కాదు, నా వేలు" అన్నాను పెద్దాయనతో. మా ఆయన వైపు తిరిగాను. "మళ్ళీ మొదట్నుంచి. ఈసారి ఆగకండి."

"ఆగకపోతే నువ్వు..."

"ఆగొద్దన్నానా?"

గదిలో అందరూ కిందికి చూస్తున్నారు. ఆయన నా మొహంలోకి చూసి, కర్రలు ఒకదానికొకటి కొట్టి లెక్క ఇచ్చాడు.

ఆ చోటు వచ్చింది. డ్రమ్ము దాని వేళకి అది పడింది, దాని కింద నేను లేను. నా వేలు ఇంకా దారిలో ఉంది. మామూలుగా అయితే ఆ స్వరం వెంటపడి, దాన్ని పట్టుకునేలోపు తర్వాతిదీ పోగొట్టుకునేదాన్ని. ఈసారి వదిలేశాను. చెయ్యి ఎత్తి, తర్వాతి స్వరం మీద పెట్టి ఎదురుచూశాను. ఆయన కాలూ నా వేలూ కలిసి పడ్డాయి. పెద్దాయన పాడుతూనే ఉన్నాడు, వెనక్కి తిరగలేదు. పాట కాస్త సన్నబడింది, కానీ నిలబడింది.

ఆ చోటు వచ్చిన ప్రతిసారీ ఆ ఒక్క స్వరం వదిలేశాను. ఆయన ఒక్కసారి కూడా ఆగలేదు.